రేస్ పెడతానన్నావ్ కదా అమ్మలూ, అయితే ఇది చదువు

అమ్మలూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. దేశం ఈ కొస నుంచి ఆ కొసకి సైకిల్ రేస్, సెల్ఫ్ సపోర్టెడ్, అంటే ఎవరి తిప్పలు వాళ్ళే పడే రకం, వచ్చే ఏడాదే పెట్టేస్తున్నా, ఏమంటావ్ పిన్నీ అని అడిగావ్. పెట్టు, నేనెందుకు వద్దంటాను. కానీ నువ్వు రాసినదాంట్లో సగం పైగా లోగో గురించీ జెర్సీ గురించీ స్టార్ట్ లైన్ దగ్గర డ్రోన్ షాట్ గురించే ఉంది, రూట్ గురించి ఒక్క లైన్ ఉంది, ఎవరికైనా ఏమైనా అయితే ఏం చేస్తావో అసలు లేనే లేదు. అందుకే ఇంత రాస్తున్నా. పొడుగ్గానే ఉంటుంది, ఫోన్‌లో పైపైన తిప్పేసి బావుంది పిన్నీ అని పెట్టకు, కూర్చుని చదువు.

ముందు ఈ ఒక్కటీ బుర్రకెక్కించుకో. ఈ రకం రేస్‌లో రైడర్‌కి బయటివాళ్ళెవరూ సాయం చెయ్యకూడదు అని రూల్ కదా, ఆ బయటివాళ్ళలో నువ్వు కూడా ఉన్నావ్. జెండా ఊపేశాక నీ దగ్గర మిగిలేది ఒక ఫోనూ, ఒక మ్యాపూ, దాని మీద నత్తనడకన కదిలే చుక్కలూ, అంతే. రేస్ అక్రాస్ అమెరికా లాంటిదైతే వెనకాల సపోర్ట్ వ్యాన్ ఉంటుంది, అందులో టీమ్ ఉంటుంది, రైడర్ మొహం చూసి ఇక చాలు దిగు అనేవాళ్ళుంటారు. నీ దాంట్లో ఆ మొహం చూసేవాడు ఎవడూ ఉండడు. కాబట్టి నువ్వు చెయ్యగలిగిన మేలు ఏదైనా సరే స్టార్ట్‌కి ముందే చేసెయ్యాలి, తర్వాత చేద్దాంలే అనుకున్న ప్రతిదీ చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అవుతుంది.

రూట్‌తో మొదలుపెడతా, ఎందుకంటే రేస్ అంటే తొంభై పాళ్ళు రూటే. రెండు పద్ధతులున్నాయి. ఒకటి ఫిక్స్‌డ్ రూట్, నువ్వు ఫైల్ ఇస్తావ్, అందరూ ఆ గీత మీదే తొక్కాలి, టూర్ డివైడ్ అలాంటిది, కెనడాలోని బాన్ఫ్ నుంచి అమెరికా-మెక్సికో బోర్డర్ దాకా కొండల్లో ఒకటే దారి. రెండోది చెక్‌పాయింట్లు మాత్రం ఇచ్చి మధ్యలో దారి మీ ఇష్టం అనడం, యూరప్‌లో జరిగే ట్రాన్స్‌కాంటినెంటల్ రేస్ అలా నడుస్తుంది, 2013లో మైక్ హాల్ దాన్ని లండన్ నుంచి ఇస్తాంబుల్‌కి మొదలుపెట్టాడు. రెండోదే నీకు నచ్చుతుందని నాకు తెలుసు, దారి వెతుక్కోవడం కూడా రేస్‌లో భాగమే అనేది వినడానికి చాలా బావుంటుంది, నిజం కూడా. కానీ అలా వదిలేస్తే ఏమవుతుందంటే రైడర్ టైమ్ కలిసొస్తుందని తిన్నగా వెళ్ళే పెద్ద రోడ్ ఎక్కేస్తాడు, పక్కనే లారీలు, అంచున జానెడు జాగా ఉండదు, అప్పుడు దేశమంతా ఉన్న రోడ్లలో ఏవేవి ఎక్కకూడదో నువ్వు లిస్ట్ తయారుచెయ్యాలి, ఎవడు ఎక్కాడో ట్రాకర్‌లో, అంటే రైడర్ ఎక్కడున్నాడో మ్యాప్ మీద చూపించే పరికరంలో, చూసి పెనాల్టీ వెయ్యాలి, వాడు మ్యాప్ తప్పు చూపించింది అని వాదిస్తాడు, నీ తలప్రాణం తోకకి వస్తుంది. మొదటి ఏడాదికి ఫిక్స్‌డ్ రూటే పెట్టు, ఈ విషయంలో మాత్రం నేను దిగిరాను.

ఫిక్స్‌డ్ అన్నాక ఆ గీత మొత్తానికీ నువ్వే పూచీ. కంప్యూటర్‌లో గీసిన దారికీ నేల మీద ఉన్న దారికీ చాలా తేడా ఉంటుంది, సైకిళ్ళని రానివ్వని సొరంగాలు, వంతెనలు, రాత్రి తాళం వేసే గేట్లు, రిపేర్‌లో ఉన్న రోడ్లు, మ్యాప్‌లో తారు రోడ్డని ఉండి అక్కడికెళ్తే కంకర. ప్రతి కిలోమీటరూ ఎవరో ఒకరి కళ్ళతో చూసి ఉండాలి, నువ్వే అంతా తొక్కక్కర్లేదు, నమ్మకమైన నలుగురికి ముక్కలుగా పంచు, కానీ కార్లో చూసొచ్చింది లెక్కలోకి రాదు, కార్లో కూర్చుంటే ఎత్తూ తెలీదు, గాలీ తెలీదు, వెనకనుంచి వచ్చే లారీ ఎంత దగ్గరగా వెళ్తుందో అసలు తెలీదు. దారిలో పడవ ఎక్కాల్సింది ఉంటే ఆఖరి పడవ ఎన్నింటికో చూడు, ఒకడు రెండు నిమిషాలు లేటై తెల్లారేదాకా ఒడ్డున పడుకోవాల్సి వస్తే రిజల్ట్ కాళ్ళు కాదు టైమ్‌టేబుల్ నిర్ణయించినట్టు, వీలైతే పడవ లేకుండానే గియ్యి, తప్పదంటే ఆ ఎదురుచూసిన టైమ్ తీసేస్తావా ఉంచుతావా అనేది ముందే రాసి పెట్టు. నీళ్ళు దొరకని పొడవైన స్ట్రెచ్ ఎంతో, అక్కడికి రాత్రిపూట చేరితే దగ్గర్లో తెరిచి ఉండేది ఏముంటుందో కూడా రైడర్ల గైడ్‌లో రాయి. అది సాయం కాదు, అందరికీ ఒకేసారి తెలిసేది ఏదైనా సమాచారమే.

ఇక్కడ చాలామంది చెయ్యని లెక్క ఒకటుంది. ముందుండేవాడు రోజుకి 400 కిలోమీటర్లు కొడతాడనుకో, చివరుండేవాడు 220. నాలుగు రోజులయ్యేసరికి వాళ్ళిద్దరి మధ్య 720 కిలోమీటర్లు. అంటే నీ రేస్ ఒకచోట ఉండదు, నువ్వు కార్లో ఎక్కడికి పరిగెత్తినా మిగతా అందరికీ దూరమే. ఇంకోటి, అదే వంతెనని మొదటివాడు తెల్లవారుజామున మూడింటికి ఖాళీగా దాటతాడు, చివరివాడు మూడ్రోజుల తర్వాత సాయంత్రం ఆఫీసులు వదిలే టైమ్‌కి దాటతాడు. నువ్వు వెళ్ళి ఆదివారం పొద్దున చూసి, అబ్బే ట్రాఫిక్ ఏం లేదు అనుకుంటే లాభం లేదు. రూట్‌లో అనుమానంగా ఉన్న ప్రతి చోటికీ మొదటివాడు ఎప్పుడొస్తాడు, మధ్యలో గుంపు ఎప్పుడొస్తుంది, చివరివాడు ఎప్పుడొస్తాడు అని మూడు టైమ్‌లు రాసుకో, గుంపు వచ్చే టైమ్‌లో వెళ్ళి చూడు. సూర్యుణ్ణి కూడా చూసుకో, తూర్పుకి వెళ్ళే రోడ్డు మీద ఉదయం ఎండ రైడర్ కళ్ళలోనే కాదు, వెనక వచ్చే డ్రైవర్ కళ్ళలో కూడా పడుతుంది, పడమరకి వెళ్ళేదైతే సాయంత్రం అంతే, ఆ గంటన్నరలో ఎన్ని లైట్లు పెట్టుకున్నా సైకిల్ కనపడదు. రేస్ ఏ కొస నుంచి ఏ కొసకి అనేది దీన్నీ, ఆ సీజన్‌లో గాలి ఎటునుంచి వీస్తుందో దాన్నీ బట్టి డిసైడ్ చెయ్యి, ఫొటోకి ఏ సముద్రం బావుంటుందో చూసి కాదు.

స్టార్ట్ టైమ్ గురించి. ట్రాన్స్‌కాంటినెంటల్ కొన్నేళ్ళు రాత్రి పదింటికి స్టార్ట్ ఇచ్చేది, చీకట్లో అన్ని లైట్లు ఒకేసారి కదులుతుంటే చూడ్డానికి ఒళ్ళు పులకరిస్తుంది, కాదనను. కానీ ఆ రోజంతా టెన్షన్‌తో కూర్చున్నవాళ్ళు మొదటి రాత్రే నిద్రలేకుండా తొక్కుతారు, రెండో రాత్రికి వచ్చేసరికి రేస్ ఇంకా మొదలే కాలేదు, మనుషులు మాత్రం అయిపోయి ఉంటారు. సెలవురోజు తెల్లవారగానే ఇవ్వు. ఇంకో చిన్న విషయం, అందర్నీ ఒకేసారి వదిలితే మొదటి ముప్పై నలభై కిలోమీటర్లు గుంపుగానే వెళ్తారు, గాలి తగలకుండా ఒకరి వెనక ఒకరు దాక్కోకూడదనే రూల్ అక్కడే చచ్చిపోతుంది, నాలుగైదు నిమిషాల తేడాతో చిన్న చిన్న బ్యాచ్‌లుగా పంపెయ్యి.

పర్మిషన్ల గురించి ఎక్కువ చెప్పను, లాయర్ దగ్గరికి వెళ్ళమనే చెప్తాను. మామూలు ట్రాఫిక్ నడుస్తున్న రోడ్డు మీద రేస్ అనేదానికి చాలా దేశాల్లో అనుమతి కావాలి. రేస్ అనకుండా రైడ్ అనో ఛాలెంజ్ అనో పేరు మారిస్తే సరిపోతుందని ఎవరో ఒకరు నీకు చెప్తారు, టైమ్ తీసి ర్యాంక్‌లు వేసినప్పుడు పేరు ఏదైతే ఏంటి, చట్టం పేరు చూడదు. సొంత పేరు మీద నడపకు, సొసైటీనో కంపెనీనో రిజిస్టర్ చెయ్యి. రైడర్లతో సంతకం పెట్టించుకునే ఆ కాగితం ఉంది కదా, నాకేమైనా అయితే ఆర్గనైజర్‌కి సంబంధం లేదు అని, అది ఉండాలి, కానీ అదేదో కవచం అనుకోకు, నువ్వు నిర్లక్ష్యం చేశావని తేలితే చాలాచోట్ల అది నిలబడదు. మూడోవాళ్ళకి నష్టం జరిగితే కవర్ చేసే ఇన్సూరెన్స్ నువ్వు తీసుకో, హాస్పిటల్ ఖర్చూ ఇంటికి చేర్చే ఖర్చూ కవర్ చేసేది రైడర్ తీసుకోవాలి, ఆ పాలసీలో రేస్ అనే మాటకి మినహాయింపు లేదని చూసుకోమను. పాలసీ కాపీ రానిదే ట్రాకర్ ఇవ్వకు.

ఇప్పుడు రూల్స్. రెండు పేజీలు దాటితే ఎవడూ చదవడు, అర పేజీ అయితే ప్రతివాడూ వాడికి నచ్చినట్టు అర్థం చేసుకుంటాడు. అసలు సూత్రం ఒకటే, నీకు దొరికింది మిగతా అందరికీ దొరకాలి, డబ్బులిచ్చి కొనుక్కోగలిగేదై ఉండాలి. దారిలో షాపులో కొనుక్కో, లాడ్జిలో పడుకో, సైకిల్ షాపులో బాగుచేయించుకో. చుట్టాలింట్లో పడుకోవద్దు, ఫ్రెండ్ టైర్ తెచ్చి ఇవ్వడం కుదరదు. ఇంతవరకూ అందరికీ అర్థమవుతుంది. గొడవలన్నీ అంచుల మీద వస్తాయి. ఎండలో ఒక ముసలాయన ఆపి నీళ్ళిచ్చాడు, తాగాలా వద్దా? నా లెక్కలో తాగొచ్చు, ఆయనకి ఈ రేస్ సంగతే తెలీదు, ఎవరొచ్చినా ఇస్తాడు. అదే మ్యాప్‌లో చుక్క చూసి అభిమానంతో బాక్స్ పట్టుకుని రోడ్డు పక్కన నిలబడినవాడి దగ్గర తీసుకోకూడదు, వాడు నచ్చినవాళ్ళకే ఇస్తాడు. ఒక రైడర్ ట్యూబ్ పేలిపోయి కూర్చుంటే పక్కన వెళ్ళే ఇంకో రైడర్ తన ట్యూబ్ ఇవ్వొచ్చా? సోలోగా పేరిచ్చినవాళ్ళు ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. కానీ పడిపోయి రక్తం కారుతుంటే ఆగి చూడాల్సిందే, ఆగినవాళ్ళకి ఆ టైమ్ వెనక్కిస్తాను అని రూల్స్‌లో రాయి, ఇది రాయకపోతే ఎవడో ఒకడు పక్కనుంచి వెళ్ళిపోయి రూల్ కదా అంటాడు. ఫ్రేమ్ విరిగితే? దారి వదిలి బస్సెక్కి టౌన్‌కి వెళ్ళి బాగుచేయించుకోవచ్చు, మళ్ళీ ఎక్కడ వదిలాడో సరిగ్గా అక్కడికే వచ్చి తొక్కాలి, ముందుకి వెళ్ళే ప్రతి అంగుళం సొంత కాళ్ళతోనే. కెమెరా టీమ్ గురించి మర్చిపోకు. నువ్వే పిలిచి ఉంటావ్ వాళ్ళని. నిర్మానుష్యంగా ఉన్న కొండ మీద అర్ధరాత్రి వెనకాల ఒక కారు లైట్లు వేసుకుని గంట సేపు వస్తుంటే ఆ రైడర్‌కి వెలుగూ ధైర్యమూ రెండూ ఊరికే దొరికినట్టు, వెనకున్న యాభై మందికి అది లేదు. ఒక రైడర్ దగ్గర ఎంత సేపు ఉండొచ్చో వాళ్ళకీ రూల్ పెట్టు, రాత్రిపూట వెంట వెళ్ళడం అసలొద్దు.

పెనాల్టీ గంటల్లో వెయ్యి. చిన్న తప్పుకి చిన్నది, రెండోసారి పెద్దది, మూడోసారికి ర్యాంకింగ్‌లోంచి తీసెయ్యి, కానీ పూర్తి చేస్తానంటే చెయ్యనివ్వు, ర్యాంక్ లేకుండా. అప్పీల్ ఎవరు వింటారో ముందే చెప్పు, ఆ మనిషి నువ్వు కాకూడదు.

రూల్స్‌లో ఆడా మగా తేడా ఏం పెట్టకు, స్టార్ట్ ఒకటే, దారి ఒకటే. 2019 ట్రాన్స్‌కాంటినెంటల్‌లో ఫియోనా కోల్‌బింగర్ అనే జర్మన్ అమ్మాయి, ఇలాంటి రేస్ ఆమెకి అదే మొదటిది, బల్గేరియాలో బుర్గాస్ నుంచి ఫ్రాన్స్‌లో బ్రెస్ట్ దాకా నాలుగువేల కిలోమీటర్లు 10 రోజుల 2 గంటల 48 నిమిషాల్లో వచ్చి మొత్తం అందరిలో ఫస్ట్ వచ్చింది, ఆడవాళ్ళలో ఫస్ట్ కాదు, అందరిలో. మధ్యలో ఒక చెక్‌పాయింట్‌లో పియానో కనపడితే కూర్చుని వాయించింది కూడా. అయితే ఒక తేడా మాత్రం నువ్వు పట్టించుకోవాలి, ఒంటరిగా వెళ్ళే అమ్మాయి రాత్రి ఎక్కడ ఆగిందో ప్రపంచమంతా లైవ్‌లో చూడగలిగే మ్యాప్ పెట్టడం మంచిది కాదు. జనానికి కనపడే మ్యాప్ కాస్త ఆలస్యంగా నడిచేలా పెట్టు, రాత్రి ఆగిన చుక్కని దాచమని అడిగితే దాచు, ఎవరడిగినా సరే, అసలైన లైవ్ కంట్రోల్ రూమ్‌లో మాత్రమే ఉండాలి.

ట్రాకర్ అంటే గుర్తొచ్చింది. ఫోన్ యాప్‌తో సరిపెడదాం అనుకోకు, సిగ్నల్ లేని చోటే నీకు చుక్క కావాల్సింది. శాటిలైట్ ట్రాకర్లు అద్దెకి దొరుకుతాయి. స్పాట్ జెన్ లాంటివి ఒకవైపే పంపుతాయి, అంటే రైడర్ ఎక్కడున్నాడో నీకు తెలుస్తుంది, నువ్వు వాడికేం చెప్పలేవ్. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటివైతే రెండువైపులా మెసేజ్ వెళ్తుంది, ఖరీదు ఎక్కువ. రూట్‌లో సిగ్నల్ లేని భాగం పెద్దగా ఉంటే రెండోదే తీసుకో. ఏదైనా సరే దానికి ఆకాశం కనపడాలి, బ్యాగ్ అడుగున కుక్కితే పనిచెయ్యదు, ఎక్కడ కట్టాలో రిజిస్ట్రేషన్ రోజు నువ్వే దగ్గరుండి చూపించు. ఎస్ఓఎస్ బటన్ నొక్కితే ఫోన్ నీకు రాదు, ముందు ఆ కంపెనీ తరఫున పనిచేసే ఎమర్జెన్సీ సెంటర్‌కి వెళ్తుంది, వాళ్ళు లోకల్ రెస్క్యూకి చెప్తారు. ఇది రైడర్‌కీ, రైడర్ ఇంట్లోవాళ్ళకీ ఇద్దరికీ చెప్పి ఉంచాలి, లేకపోతే ఇంట్లోవాళ్ళు నువ్వే హెలికాప్టర్ పంపుతావనుకుంటారు.

ఇక చుక్క ఆగిపోవడం. నేను ఇలాంటి రేసుల కంట్రోల్ ఫోన్ దగ్గర రాత్రి షిఫ్ట్‌లో కూర్చున్నంత కాలం నాకు ఎక్కువగా వచ్చిన ఫోన్ ఇదే, మా ఆయన చుక్క రెండు గంటల నుంచి కదలట్లేదండీ అని. పడుకుని ఉండొచ్చు, బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు, బెంచీ మీద ట్రాకర్ మర్చిపోయి వెళ్ళిపోయి ఉండొచ్చు, పోటీ మానేసి ట్రైన్ ఎక్కేసి నీకు చెప్పకపోయి ఉండొచ్చు, నిజంగానే గోతిలో పడి ఉండొచ్చు. మ్యాప్ మీద అన్నీ ఒకేలా కనపడతాయి. అందుకే ఎంతసేపు ఆగితే ఏం చెయ్యాలో మెట్లు మెట్లుగా ముందే రాసి కంట్రోల్ రూమ్ గోడకి అంటించు. చివరిగా కనపడ్డ చోటు ఎలాంటిది, ఊరా, దిగుడు రోడ్డు మలుపా? అక్కడ వాతావరణం ఏంటి? ఇతను ముందు రాత్రులు ఎంతసేపు పడుకున్నాడు? తర్వాత ఫోన్, తర్వాత మెసేజ్, తర్వాత వెనక వస్తున్న రైడర్‌కి ఆ చోట కాస్త చూడమని మెసేజ్, తర్వాత దగ్గర్లోని లాడ్జికి, పోలీస్‌కి. ఊళ్ళో ఆగిన చుక్కకి ఆరు గంటలు ఓపిక పట్టొచ్చు, కొండ దిగే మలుపులో ఆగిన చుక్కకి అరగంట కూడా ఎక్కువే. ఫోన్ దగ్గర కనీసం ముగ్గురు ఉండాలి, ఎనిమిదేసి గంటలు, ఒక నోట్‌బుక్, షిఫ్ట్ మారేటప్పుడు ఒకరు రాసింది ఇంకొకరు చదివి సంతకం పెట్టాలి. నువ్వొక్కదానివే చూసుకుంటానని మాత్రం అనకు, రైడర్లకే కాదు, మూడో రోజుకి నీకూ నిద్ర ఉండదు.

నిద్ర గురించే నీతో గట్టిగా మాట్లాడాలి. ఈ రేసుల్లో జనం ముందు దూరానికి భయపడతారు, తర్వాత ఎత్తుకి, అసలు భయపడాల్సింది నిద్రకి. అమెరికా ఈ కొస నుంచి ఆ కొసకి జరిగే ట్రాన్స్ ఆమ్ రేస్‌లో, 2016లో, ఆఖరి రాత్రి ఏం జరిగిందో తెలుసా, రోజుల తరబడి ముందున్న రైడర్ కాసేపు పడుకుని లేచి, ఆ మగతలో సైకిలెక్కి వెనక్కి తొక్కుకుంటూ వచ్చేశాడు, రెండో స్థానంలో ఉండి ఎదురుగా వస్తున్న లేల్ విల్‌కాక్స్ అనే అమెరికన్ అమ్మాయికి తగిలాడు. ఇద్దరం కలిసి ఫినిష్ చేద్దాం అన్నాడు, ఇది రేస్ అంది ఆమె, వెళ్ళి గెలిచేసింది. ఈ కథ చెప్పుకుని అందరూ నవ్వుతారు, నేనూ నవ్వాను, కానీ ఆర్గనైజర్‌వి కాబట్టి నువ్వు దాన్ని ఇంకోలా చదవాలి. ఎటు వెళ్తున్నాడో తెలియని మనిషి లైవ్ ట్రాఫిక్‌లో ఉన్నాడు.

పాతకాలపు వాళ్ళు ఏమంటారంటే ఎంత పడుకోవాలో తెలుసుకోవడం కూడా రైడర్ నైపుణ్యమే, దాన్ని రూల్‌తో కట్టేస్తే రేస్‌లో పస పోతుంది అని. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఫియోనా రాత్రికి నాలుగు గంటలు పడుకునే గెలిచింది, తక్కువ పడుకున్నవాడే గెలుస్తాడనేది అబద్ధం. కానీ అది అనుభవం ఉన్నవాళ్ళకి తెలుసు, నీ దగ్గరికి మొదటి ఏడాది వచ్చేవాళ్ళలో సగం మందికి తెలీదు, వాళ్ళు ముందువాడి చుక్క చూసి వాడు కదులుతున్నాడు కదా అని లేచి తొక్కుతారు. కాబట్టి నువ్వు ఇరవైనాలుగు గంటల్లో వరసగా నాలుగు గంటలో ఐదు గంటలో కదలకుండా ఉండాలి అని రూల్ పెట్టు, ట్రాకర్‌లోనే తెలిసిపోతుంది, ప్రత్యేకంగా మనిషి అక్కర్లేదు. విమర్శలొస్తాయి, రానీ. టైమ్ కటాఫ్, అంటే ఇన్ని రోజుల్లో ముగించాలనే గడువు, కూడా దానికి తగ్గట్టు వదులుగా ఉండాలి, నాలుగువేల కిలోమీటర్లకి పదిహేను పదహారు రోజులు అంటే రోజుకి 250 నుంచి 267 కిలోమీటర్ల దాకా పడుతుంది, అది తక్కువేం కాదు. ఒకపక్క పడుకోమని చెప్పి ఇంకోపక్క కటాఫ్ బిగించావనుకో, వెనకున్నవాళ్ళకి నీ రూల్ ఒక జోక్.

ఒంటి సంగతులు గైడ్‌లో ఒక పేజీ చాలు. వేళ్ళు మొద్దుబారడం, సీట్ దగ్గర పుండ్లు, మడమ వెనక నొప్పి, ఇవన్నీ మామూలే. మెడ కండరాలు చేతులెత్తేసి తల పైకి లేవకపోవడం ఒకటుంది, షెర్మర్స్ నెక్ అంటారు, అది వస్తే ఇక తొక్కకూడదు, రోడ్డు కనపడదు. గడ్డం కింద కర్ర కట్టుకుని తొక్కేస్తా అనే వీరులుంటారు, అలాంటివి కుదరవని రాసెయ్యి.

లైట్ల విషయంలో మొహమాటం వద్దు. వెనక రెండు రెడ్ లైట్లు, ఒకటి పోతే ఇంకోటి, ముందు ఒకటి సైకిల్‌కీ ఒకటి స్పేర్‌గానూ, చీకటిపడ్డాక రిఫ్లెక్టివ్ జాకెట్, మబ్బుగా ఉంటే పగలు కూడా వెనక లైట్ వెలుగుతూ ఉండాలి. స్టార్ట్ ముందురోజు ఒక్కొక్కరి సైకిల్ దగ్గర నిలబడి వెలిగించి చూడు, లేనివాణ్ణి షాపుకి పంపు, వాడెంత పేరున్నవాడైనా సరే.

ఇప్పుడు నువ్వు రాయని ఆ పేజీ. 2017 మార్చి 31న ఆస్ట్రేలియాలో ఇండియన్ పసిఫిక్ వీల్ రేస్‌లో, ఫ్రీమాంటిల్ నుంచి సిడ్నీ దాకా దాదాపు 5,500 కిలోమీటర్ల రేస్ అది, కాన్‌బెర్రా దగ్గర తెల్లవారకముందు కారు గుద్ది మైక్ హాల్ చనిపోయాడు. పైన చెప్పాను చూడు, ట్రాన్స్‌కాంటినెంటల్ మొదలుపెట్టిన మనిషి, ఆ మనిషే. రేస్‌లో రెండో స్థానంలో ఉన్నాడు. రేస్ అక్కడితో రద్దు చేశారు. అంత అనుభవం, అన్నేళ్ళు రోడ్డు మీద, ఇంకొకళ్ళకి రూల్స్ రాసినవాడు, అతనికే జరిగింది. నీ రైడర్లు అంతకంటే జాగ్రత్తపరులని నువ్వు అనుకోకు.

కాబట్టి ఒక్క పేజీ రాసుకో, ఇంకెవరికీ చూపించకపోయినా సరే, కంట్రోల్ రూమ్‌లో ఉన్న ముగ్గురికీ తెలియాలి. కబురు మొదట ఇంటివాళ్ళకి చేరాలి, పోలీసుల ద్వారా, వాళ్ళకి తెలిసే దాకా నీ నోటినుంచి ఒక్క మాట బయటికి రాకూడదు. జనం చూసే మ్యాప్ వెంటనే మొత్తం ఆపెయ్యి, ఆ ఒక్క చుక్క తీసేస్తే అందరికీ అర్థమైపోతుంది, అందుకే మొత్తం. అలాంటి సమయానికి ఆ మ్యాప్ ఆపే బటన్ ఎక్కడుందో, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో కూడా ఆ పేజీలో ఉండాలి, నవ్వకు, అలాంటి చిన్నదాని దగ్గరే మనుషులు కొట్టుకుపోతారు. రేస్ ఆపుతావా కొనసాగిస్తావా అనేది ఆ రాత్రి ఏడుస్తూ డిసైడ్ చేసేది కాదు, ఇప్పుడు చల్లటి బుర్రతో ముగ్గురు కూర్చుని రాసుకోండి. ఆపితే రోడ్డు మీదున్న మిగతావాళ్ళకి ఎలా చెప్తావ్, వాళ్ళు ఇంటికెలా వెళ్తారు, కొందరు ఆపరు, మేం తొక్కుతూనే ఉంటాం అంటారు, వాళ్ళని ఏం చేస్తావ్. ఆ పేజీ రాయలేకపోతే రేస్ ఇంకో ఏడాది వాయిదా వేసుకో తల్లీ, నేను కోప్పడను.

వరదో, కార్చిచ్చో, మంచో వస్తే దారి మార్చే హక్కు నీదే అని రూల్స్‌లో ఒక లైన్ పెట్టు. మార్చినప్పుడు ముందున్నవాడికి నష్టం, వెనకున్నవాడికి లాభం, ఎలా చేసినా ఎవరో ఒకరు గింజుకుంటారు, ప్రాణాలకంటే ర్యాంకులు ఎక్కువ కాదని ఒకసారి చెప్పి ఊరుకో.

మొదటి ఏడాది ముప్పై నలభై మందిని మించి తీసుకోకు. ట్రాన్స్‌కాంటినెంటల్ కూడా మొదట్లో ముప్పై మంది ఉన్న రేసే, వందలు తర్వాత వచ్చాయి. అప్లికేషన్‌లో ఇంతకుముందు తొక్కిన పెద్ద దూరం ఏంటి అని అడగడం కంటే, చీకట్లో వానలో వంద కిలోమీటర్ల అవతల సైకిల్ పాడైతే నువ్వేం చేస్తావ్ అని అడుగు, జవాబులోనే మనిషి తెలిసిపోతాడు. ఎంట్రీ ఫీజులో ట్రాకర్ అద్దె, ఇన్సూరెన్స్, వాలంటీర్ల దారి ఖర్చులు, చెక్‌పాయింట్ కార్డులు, ఆఖరి రోజు భోజనం రావాలి, ప్రైజ్ మనీ వద్దు, డబ్బు పెడితే రూల్స్ దగ్గర గొడవలు రెట్టింపవుతాయి. స్పాన్సర్ వస్తే రానీ, కానీ ట్రాకర్లూ ఇన్సూరెన్సూ స్పాన్సర్ డబ్బు మీద ఆధారపడకూడదు, వాళ్ళు ఆఖరి నెలలో హ్యాండిచ్చినా ఆ రెండూ ఉండాలి.

స్టార్ట్ చేసినవాళ్ళలో మూడోవంతు నుంచి సగం దాకా మధ్యలో మానేస్తారు, అది నీ రేస్ ఫెయిల్ అవ్వడం కాదు, ఈ రకం రేసులు ఉండేదే అంత. మానెయ్యడం సులువుగా చెయ్యి, ఒక నంబర్‌కి ఒక్క మెసేజ్, కారణం కూడా అడగకు. కష్టంగా పెడితే చెప్పకుండా వెళ్ళిపోతారు, నువ్వేమో కొండల్లో వెతికిస్తూ ఉంటావ్. ఇంటికి ఎలా వెళ్ళాలనేది వాళ్ళ బాధ్యతే అని ముందే రాసి ఉంచు.

చెక్‌పాయింట్ల దగ్గర కూర్చునే వాలంటీర్లకి ఒక్కటి నేర్పు, స్టాంప్ వెయ్యడం, పలకరించడం, మొహం చూడటం. అవును, ఆ మొహం చూసేవాడు లేడని మొదట్లో అన్నాను కదా, ఉన్న నాలుగైదు చోట్ల చూడగలిగేది వీళ్ళే. పేరేంటి, ఈరోజు ఏం వారం, పొద్దున్న ఏం తిన్నావ్ అని మామూలుగా మాట్లాడిస్తూ గమనించాలి, జవాబులు తేడాగా వస్తే కాసేపు కూర్చోబెట్టాలి. ఆపే అధికారం వాళ్ళకి ఇవ్వు, రాతపూర్వకంగా ఇవ్వు, లేకపోతే పేరున్న రైడర్ ముందు నోరు పెగలదు.

ఫినిష్ దగ్గర ప్రతి ఒక్కరికీ ఒక మనిషి నిలబడి ఉండాలి, రాత్రి మూడింటికి వచ్చినా, కటాఫ్‌కి పది నిమిషాల ముందు వచ్చినా. మొదటివాడికి ఫొటోగ్రాఫర్లుంటారు, వాడికి నువ్వు లేకపోయినా ఏం కాదు. దగ్గర్లోనే పడుకోవడానికి మంచం, స్నానం, సైకిల్ పెట్టుకోవడానికి తాళం ఉన్న గది చూడు. ఆ తర్వాత చాలామంది మర్చిపోయేది ఒకటి చెప్తా, అన్ని రోజులు అలా తొక్కి ఫినిష్ చేసిన మనిషి అదే రోజు కారెక్కి ఇంటికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళడం, రేస్ మొత్తంలో దీనంత ప్రమాదం ఇంకోటి లేదు. ఒక రాత్రి పూర్తిగా పడుకోనిదే తాళాలు ఇవ్వను అని ఫినిష్‌లోనే కారు తాళాలు తీసేసుకునే పద్ధతి పెట్టు, తిట్టుకుంటారు, పర్లేదు.

రిజల్ట్స్ తొందరపడి పెట్టకు, ట్రాక్ ఫైల్ రూట్‌తో సరిపోయిందా, రోజువారీ ఆగిన గంటలు సరిపోయాయా చూసి, పెనాల్టీలు కలిపి, వారం తర్వాత పెట్టు, అప్పటిదాకా ప్రొవిజనల్ అని రాసి ఉంచు. ట్రాకర్లు అన్నీ వెనక్కి వచ్చాయో లేదో లెక్క చూడు, డిపాజిట్ తీసుకోకపోతే రావు.

ముందు రూట్ గీసి ఆ మూడు టైమ్‌ల లెక్కతో సహా పంపు, జెర్సీ డిజైన్ తర్వాత చూస్తాను. కంట్రోల్ ఫోన్‌కి రాత్రి షిఫ్ట్‌లో నా పేరు రాసుకో, పగలు మాత్రం నన్ను అడగకు.

ఉంటాను,
పిన్ని